ఎడిటర్ నిర్ణయం ఏ ఫైల్లో బతకాలి?

హైదరాబాదు కృష్ణానగర్ సందుల్లోని ఏ ఎడిట్ గదిలోనైనా సినిమా కూర్పు ఖరారై లాక్ అయిందంటే అసలు పరుగు అప్పుడే మొదలవుతుంది. రంగులు దిద్దే డీఐకి ఒక కాపీ, ఎఫెక్టులూ మిక్సింగూ చూసే సౌండువాళ్ళకు ఒకటి, నేపథ్య సంగీతం (ఆర్ఆర్) కోసం సంగీత దర్శకుడికి ఒకటి, సీజీ కంపెనీలకు ఎవరి షాట్లు వారికి వెళ్ళాలి. ఈ గదుల్లో చాలావరకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కలే ఉన్నా వాటిలో నడిచే ప్రోగ్రాములు వేరువేరు. ఒకదాని ప్రాజెక్టు మరొకదానిలో తెరుచుకోదు. అందుకే గదికీ గదికీ మధ్య ఒక జాబితా తిరుగుతుంది: ఏ షాటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, దాని పక్కన ఏది రావాలి. ఎడిటర్ నెలల తరబడి చేసిన ఆలోచనంతా చివరికి ఆ అంకెల్లోకి చేరుతుంది. ఆ జాబితా అందరూ చదవగలిగే భాషలో ఉన్నంతకాలం పని సాగిందనీ, ఒక కంపెనీ ఫైల్లో బందీ అయినప్పుడల్లా చిక్కులొచ్చాయనీ దాని చరిత్ర చెబుతుంది.

తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివస్తున్న రోజుల్లో, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైన కాలంలో, ఈ లెక్క ఫిల్ము అంచునే ఉండేది. నెగటివ్ తయారయ్యే ఫ్యాక్టరీలోనే అడుగుకొకటి చొప్పున నంబర్లు పడేవి. లాబ్‌లో కడిగాక అవి బయటపడి, రష్ ప్రింటు అంచుకీ ఎక్కేవి. ఎడిటర్ మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద ఆ ప్రింటును కోసి అతికించేవాడు. నెగటివ్ కటర్ దాన్ని పక్కన పెట్టుకుని, నంబరుకు నంబరు సరిచూసి అసలు నెగటివ్‌ను కత్తిరించేవాడు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24. లెక్క తప్పితే దిద్దుకునే దారి లేదు, సిమెంటు అతుకు పడినచోట పక్క ఫ్రేము కూడా పోతుంది గనక. ఇంత కత్తిమీద సాములోనూ ఒక స్వేచ్ఛ ఉండేది. ఏ యంత్రం మీద ఎడిట్ చేసినా ఏ లాబ్‌లోనైనా నెగటివ్ కోయించుకోవచ్చు, ఎందుకంటే నంబరు ఫిల్ముతో పుట్టింది, యంత్రంతో దానికి పని లేదు. 1990లో కొడాక్ ఆ నంబర్లకు బార్‌కోడ్ జోడించి కీకోడ్ అని పేరు పెట్టాక కంప్యూటర్ కూడా వాటిని చదవగలిగింది.

ఆలోపే వీడియో టేపు ఇంకో దారి తీసింది. 1971లో అమెరికాలో సీబీఎస్, మెమొరెక్స్ కలిసి పెట్టిన సీఎమ్‌ఎక్స్ సంస్థ కంప్యూటర్‌తో నడిచే ఎడిటింగ్ యంత్రాన్ని తెచ్చింది. ఆ సంస్థ 3600 యంత్రం రాసిన జాబితా తీరే ఈడీఎల్ (ఎడిట్ డెసిషన్ లిస్ట్) పేరుతో ఇవాళ్టికీ వాడుకలో ఉంది. అందులో ఒక వరస తీసి చూస్తే వరుస సంఖ్య, రీలు పేరు, బొమ్మా శబ్దమా అన్న గుర్తు, కట్టా డిజాల్వా అన్న గుర్తు, ఆపైన గంట, నిమిషం, సెకను, ఫ్రేము చెప్పే నాలుగు టైంకోడ్‌లు కనిపిస్తాయి. మొదటి రెండూ అసలు రీలులో షాటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబితే, చివరి రెండూ సినిమాలో దాని చోటు చెబుతాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంటితో చదువుకోవచ్చు. లోపమూ ఆ వరసలోనే ఉంది. రీలు పేరుకు 8 అక్షరాలే చోటు. డిజిటల్ కెమెరా పెట్టే పొడుగాటి పేరులో చివరి తేదీ, కెమెరా గుర్తు తెగిపోతే, రెండు యూనిట్ల షాట్లు ఒకే పేరుతో మిగిలిపోవచ్చు. వేగం సంగతి ఇంకొకటి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. గంట సినిమాను 25 మీద నడిపితే 57 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. జాబితా ఏ లెక్కన రాశారో చెప్పకపోతే బొమ్మ ఒక దారి, మాట ఒక దారి.

1989లో అవిడ్ ఎడిటింగ్ వ్యవస్థ వచ్చాక ఎడిటింగ్ క్రమంగా పూర్తిగా కంప్యూటర్లోకి మారింది. లేయర్లు, సౌండు ట్రాకులు, స్లో మోషన్లు ఈడీఎల్‌లో పట్టక ఓఎమ్‌ఎఫ్, ఆ తర్వాత ఏఏఎఫ్, ఫైనల్ కట్ ప్రో వైపు నుంచి ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫైలు పద్ధతులు వచ్చాయి. ఒక్కోటి కొంత మోసింది, కొంత వదిలేసింది. 2011 జూన్‌లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదల చేసినప్పుడు అది తన పాత వెర్షన్ ప్రాజెక్టులనే తెరవలేకపోయింది. ముందుగా ఎక్స్‌ఎమ్‌ఎల్, ఈడీఎల్ తీసి పెట్టుకున్నవాళ్ళ పని మాత్రం దక్కింది. తెలుగు అక్షరానికీ ఇదే జరిగింది. అను ఫాంట్లలో కంపోజు చేసిన పుస్తకాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్ వచ్చాకే తెలుగు మాట ఏ యంత్రంలోనైనా తెలుగుగా నిలబడింది. ఎడిట్‌కు కూడా అలాంటి యూనికోడ్ కావాలి. ఆ దిశగా పిక్సార్ తయారుచేసి అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ టైమ్‌లైన్ ఐఓ అనే ఫైలు పద్ధతి మంచి అడుగు.

ఇలాంటి ఉమ్మడి జాబితా అవసరం మనకు ‘బాహుబలి’ కళ్ళకు కట్టింది. 2015లో వచ్చిన మొదటి భాగాన్ని కోటగిరి వెంకటేశ్వరరావు ఎడిట్ చేశారు. శ్రీనివాస్ మోహన్ పర్యవేక్షణలో మకుటతో పాటు అనేక సంస్థలు గ్రాఫిక్స్ పంచుకున్నాయి. ఇలాంటి సినిమాలో ఎడిటర్ ఒక షాటును పది ఫ్రేములు పెంచితే ఆ మార్పు ఎక్కడో కూర్చుని నీళ్ళు, మంటలు గీస్తున్న మనిషి దాకా తప్పు లేకుండా చేరాలి. చేరకపోతే రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఇంత తంటా ఎందుకు, ఎడిటింగూ రంగూ సౌండూ అన్నీ డావిన్సీ రిజాల్వ్ అనే ఒక్క ప్రోగ్రాములోనే చేసుకుంటే పోదా అంటారు కొందరు. ఒక సినిమా వరకు ఆ మాట నిజమే, ఖర్చూ తగ్గుతుంది. కానీ కొత్త వెర్షన్‌లోకి మార్చిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోదు, ఇరవై ఏళ్ళ తర్వాత ఏ వెర్షన్ ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. జాబితా బయటికి ఇస్తే సినిమా లీకవుతుందన్న భయం మరొకటి. పైరసీ దెబ్బ తిన్న నిర్మాతకు ఆ భయం సహజం. అయితే ఈడీఎల్‌లో ఒక్క బొమ్మ లేదు, ఒక్క మాట లేదు, ఉన్నవి పేర్లూ అంకెలే. సాదా జాబితా ఎఫెక్టులను మోయలేదన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. అందుకే దానితో పాటు ఒక రిఫరెన్స్ వీడియో ఇవ్వడం ఆనవాయితీ అయింది. జాబితా చెప్పలేనిది కన్ను పట్టుకుంటుంది.

అన్నిటికన్నా బలమైన ప్రశ్న ఇది: పూర్తయిన సినిమా చేతిలో ఉండగా జాబితా దాచడం దేనికి? 2022లో ‘పోకిరి’, ‘జల్సా’ 4కే రూపంలో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచి పాత సినిమాకు కొత్త విలువ వచ్చింది. కోసి అతికించిన నెగటివ్‌లో ఎడిటర్ నిర్ణయం వస్తురూపంలోనే ఉంది, స్కాన్ చేస్తే సినిమా వరుసగా లేచి వస్తుంది. డిజిటల్‌లో తీసి, 4కే కన్నా తక్కువ స్పష్టత గల 2కేలో పూర్తి చేసిన సినిమాకు ఆ అదృష్టం లేదు. కెమెరా అసలు ఫైళ్ళు వేలకొద్దీ షాట్లుగా విడివిడిగా పడి ఉంటాయి. వాటిని మళ్ళీ సినిమాగా కూర్చే సూత్రం జాబితాయే. అది పోతే 2కే కాపీని సాగదీయడమే మిగులుతుంది. కనుక ఫస్ట్ కాపీతో పాటు అందరూ చదవగలిగే కట్ జాబితానూ ఎడిటర్ దగ్గర తీసుకుని భద్రపరచడం నిర్మాతలు నియమంగా పెట్టుకోవాలి. సినిమాతో పోలిస్తే అతి చిన్న ఫైలు అది. నెగటివ్ కటర్ చేతుల్లో ఒకప్పుడు భద్రంగా ఉన్న బాధ్యత ఇప్పుడు ఆ చిన్న ఫైలు మీదే ఉంది.