జరగని చర్చ: 2012 రాష్ట్రపతి ఎన్నిక, టెలివిజన్ వేదిక, భద్రాచలం మన్యం

2012 జులై 19న జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో పి.ఎ. సంగ్మా ఓటమి ఎవరినీ ఆశ్చర్యపరచలేదు. ప్రణబ్ ముఖర్జీకి 7,13,763, సంగ్మాకు 3,15,987 విలువ గల ఓట్లు లభించాయి. మేఘాలయకు చెందిన గారో తెగవారైన సంగ్మా గతంలో లోక్‌సభ స్పీకరుగా పనిచేశారు. సొంత పార్టీ వద్దన్నా బరిలో నిలిచి, రాష్ట్రపతి భవనానికి అప్పటివరకూ ఒక ఆదివాసి ఎందుకు చేరలేదన్న ప్రశ్ననే ప్రచారాంశంగా మలచుకున్నారు. ప్రత్యర్థిని బహిరంగ చర్చకు ఆహ్వానించారు. ఆ చర్చ జరగలేదు. ఫలితం ముందే తెలిసిన పోటీలో వాదన అనవసరమన్న భావన దీని వెనుక ఉన్నది. అయితే ఎన్నిక చరిత్రను గెలుపోటముల పట్టికగా మాత్రమే చదివితే, ఆ అభ్యర్థిత్వం ఎవరికి ఏమి కాగలిగేదన్న ప్రశ్న మరుగునపడుతుంది.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల దృష్టితో చూస్తే ఆ ప్రశ్న చిన్నది కాదు. రాష్ట్రపతి పదవిని అలంకారప్రాయమని కొట్టిపారేయడం పరిపాటి. షెడ్యూల్డ్ ప్రాంతాల విషయంలో ఆ మాట పూర్తిగా నిలవదు. రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ప్రకారం ఏ ప్రాంతం షెడ్యూల్డ్ ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతి. ఆ ప్రాంతాల పాలనపై గవర్నరు నివేదిక అందవలసిందీ రాష్ట్రపతికే. గవర్నరు రూపొందించే రెగ్యులేషన్లు రాష్ట్రపతి సమ్మతి లేనిదే చెల్లవు. గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించి, మన్యంలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిత్యవ్యవహారంలోకి వచ్చిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ ఈ అధికారం నుంచి పుట్టినదే. కోయగూడెంలో పట్టా గురించి జరిగే వాదనకూ ఢిల్లీలోని అత్యున్నత పదవికీ మధ్య ఇంత సూటి సంబంధం ఉన్నా, ఆ పదవికి పోటీపడిన ఇద్దరినీ ఒకే వేదికపై దీని గురించి ప్రశ్నించే అవకాశం రాలేదు. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, తెరాస ఓటింగుకు దూరంగా ఉన్నాయి. భద్రాచలంలో బలమున్న సి.పి.ఎం. ముఖర్జీకి మద్దతు పలికింది. ఈ వైఖరులన్నింటికీ వాటి కారణాలు వాటికున్నాయి. వాటిలో మన్యం ఒక కారణమని చెప్పడం కష్టం.

రెండేళ్లలోనే దీని పర్యవసానం కనిపించింది. 2014 మే 29న, తెలంగాణ అవతరణకు నాలుగు రోజుల ముందు, పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చే ఆర్డినెన్సు రాష్ట్రపతి ముఖర్జీ సంతకంతో వెలువడింది. జులైలో పార్లమెంటు దానిని చట్టం చేసింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చిన భద్రాచలం ప్రాంతంలో పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టూ ఉన్న పల్లెలు చాలావరకు సరిహద్దు దాటాయి. సంగ్మా గెలిచి ఉంటే ఇలా జరిగేది కాదని వాదించడం చరిత్ర కాదు, ఊహ. ఆర్డినెన్సు తెచ్చినది సంగ్మాను బలపరచిన బి.జె.పి. ప్రభుత్వమే. ఆయన పేరును ముందుకు తెచ్చిన ఒడిశాలోని బిజూ జనతాదళ్ మాత్రం పోలవరాన్ని వ్యతిరేకిస్తున్న పక్షం. ఈ వైరుధ్యాన్ని సంగ్మా ముందు కూడా ఉంచవలసింది. బహిరంగ చర్చ జరిగి ఉంటే ఇద్దరికీ ఇబ్బంది కలిగించగల ప్రశ్న అది.

టెలివిజన్ చర్చ ఉంటే సరిపోయేదా? అమెరికా అనుభవం అంత ధైర్యం ఇవ్వదు. 1960 సెప్టెంబరు 26న కెనెడీ, నిక్సన్‌లతో మొదలైన ఆ సంప్రదాయం చాలాకాలంగా ఇద్దరి వ్యవహారమే. 1980లో నిర్వాహక సంస్థ లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్, స్వతంత్ర అభ్యర్థి జాన్ ఆండర్సన్‌ను ఆహ్వానిస్తే అధ్యక్షుడు కార్టర్ హాజరు కాలేదు. అక్టోబరులో కార్టర్, రీగన్ తలపడిన చర్చలో ఆండర్సన్‌కు చోటు లేదు. 1992 చర్చల్లో పాల్గొన్న రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. 1996లో ఆయనకే వేదిక నిరాకరించారు. 2000 నుంచి జాతీయ సర్వేల్లో సగటున 15 శాతం మద్దతు ఉండాలన్న నిబంధన వచ్చింది. తెరపై కనిపించనివాడికి సర్వేలో మద్దతు పెరగదు, సర్వేలో మద్దతు లేనివాడు తెరపై కనిపించడు.

ఈ కొలమానంలో అంతకంటె లోతైన లోపం మరొకటి ఉన్నది. అది మద్దతు ఎంత గాఢమో కాక, ఎంత విశాలంగా పరచుకున్నదో చూస్తుంది. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో షెడ్యూల్డ్ తెగల వాటా పదో వంతుకు చేరదు. ఆ తెగల ఓటర్లందరూ ఒక్క మాటపై నిలిచినా 15 శాతం గడప దాటలేరు. తెలుగు వార్తా ఛానళ్లలో రాతపూర్వకమైన గడప లేదు. అయినా సభలో బలాన్ని బట్టి కుర్చీలు వేసే అలవాటు అదే పని చేస్తుంది. విభజన కాలపు స్టూడియో చర్చలు హైదరాబాదు చుట్టూ, ఆస్తుల పంపకం చుట్టూ తిరగడానికి ఇదొక కారణం. కోయ భాషలో ఆలోచించి తెలుగులో జవాబు చెప్పవలసిన వక్తకు అర నిమిషపు గడువు ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

రాష్ట్రస్థాయి అంకెల్లో నామమాత్రమైన పక్షం మన్యంలో ప్రథమ స్థానంలో నిలవగలదనడానికి సున్నం రాజయ్యే నిదర్శనం. 1999, 2004 ఎన్నికల్లో భద్రాచలం నుంచి గెలిచిన ఆయన, 2014లో 119 స్థానాల తెలంగాణ శాసనసభకు సి.పి.ఎం. నుంచి ఎన్నికైన ఏకైక సభ్యుడు. ఏప్రిల్ 30న ఆయన ఎన్నికలో ఓటు వేసిన ముంపు మండలాల ప్రజలు నెల తిరగకముందే మరో రాష్ట్రానికి చెందినవారయ్యారు. ఆయన స్వగ్రామం ఉన్న వి.ఆర్.పురం మండలమూ వాటిలో ఉన్నది. తాము ఓటు వేసి పంపిన ప్రతినిధి ఒక శాసనసభలో, తమను పాలించే ప్రభుత్వం మరో శాసనసభలో ఉండగా ఆ ప్రజలు నాలుగేళ్లకు పైగా గడిపారు. 2019లో ముంపు మండలాల్లో కొన్ని రంపచోడవరం, మరికొన్ని పోలవరం నియోజకవర్గాల కింద ఓటు వేశాయి. రంపచోడవరంలో రాజయ్య మళ్లీ పోటీచేశారు, ఓడిపోయారు.