బ్రిటన్‌లో క్రిస్మస్ విందు

క్రిస్మస్ విందు అనగా క్రీస్తు జన్మదినమైన డిసెంబరు 25న కుటుంబ సభ్యులందరూ కలసి ఇంటివద్ద చేసే ప్రధాన భోజనం. బ్రిటన్‌లో దీనిని చాలా ఇళ్ళలో మధ్యాహ్నం వేళ ఆరగిస్తారు. క్రైస్తవ పండుగగా మొదలైనప్పటికీ, మతాచారాలు పాటించని కుటుంబాలు కూడా ఈ విందు చేసుకుంటాయి. ఈ విందు ఒక్క పూటతో ముగియదు. పెద్ద పక్షిని వండి, మిగిలిన మాంసాన్ని తరువాతి రెండు రోజులు వేర్వేరు వంటకాలుగా మార్చుకొని తినడం ఇందులో భాగం. కాబట్టి మిగిలిన ఆహారాన్ని భద్రపరిచే పద్ధతికి వంటతో సమానమైన ప్రాముఖ్యం ఉంది.

వంటకాలు

విందులో ముఖ్యమైనది ఓవెన్‌లో కాల్చిన టర్కీ కోడి. సాధారణంగా ఐదారు కిలోల పక్షి ఎనిమిది నుండి పది మందికి సరిపోతుంది. దీనితోపాటు రొట్టెపొడి, ఉల్లిపాయలు, సేజ్ ఆకు కలిపి చేసిన స్టఫింగ్, కాల్చిన బంగాళాదుంపలు, క్యారెట్లు, పార్స్‌నిప్ అనే తియ్యని దుంపలు, బ్రసెల్స్ స్ప్రౌట్స్ అనే చిట్టి క్యాబేజీలు వడ్డిస్తారు. మాంసం నుండి కారిన రసంతో చేసిన గ్రేవీని, పుల్లని క్రాన్‌బెర్రీ సాస్‌ను వీటిపై వేసుకుంటారు. శాకాహారులకు గింజపప్పులతో చేసే నట్ రోస్ట్ ప్రత్యామ్నాయం.

భోజనం చివర క్రిస్మస్ పుడ్డింగ్ వడ్డిస్తారు. ఎండుద్రాక్ష, పిండి, చక్కెర, పశువుల కొవ్వు, జాజికాయ, దాల్చినచెక్క మొదలైనవి కలిపి గంటల తరబడి ఆవిరిపై ఉడికించడం దీని పద్ధతి. అడ్వెంట్ కాలానికి ముందు వచ్చే ఆదివారాన్ని 'స్టిర్-అప్ సండే' అంటారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ పుడ్డింగ్ మిశ్రమాన్ని తలా ఒకసారి కలపడం, అందులో ఒక వెండి నాణెం వేయడం పాత ఆచారాలు. వడ్డించే ముందు దానిపై బ్రాందీ పోసి వెలిగిస్తారు.

భోజనానికి ముందు ఇద్దరిద్దరు చెరొక కొస పట్టుకొని 'క్రాకర్' అనే కాగితపు గొట్టాన్ని లాగుతారు. అది టపాకాయవలె చప్పుడు చేసి తెగుతుంది. అందులో కాగితపు కిరీటం, చిన్న బహుమతి ఉంటాయి. 1840లలో లండన్‌కు చెందిన మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ దీనిని రూపొందించాడు. మధ్యాహ్నం మూడు గంటలకు ప్రసారమయ్యే రాజప్రసంగాన్ని వినడం మరొక అలవాటు. ఈ ప్రసంగాన్ని 1932లో ఐదవ జార్జి రేడియోలో ప్రారంభించగా, 1957 నుండి టెలివిజన్‌లో ప్రసారమవుతున్నది.

చరిత్ర

టర్కీ కోడి ఉత్తర అమెరికాకు చెందిన పక్షి. ఇది 16వ శతాబ్దంలో ఇంగ్లండు చేరింది. అయినా చాలాకాలం ధనికుల ఇళ్ళలో ఎద్దుమాంసం, సామాన్యుల ఇళ్ళలో పెద్దబాతు పండుగ వంటకాలుగా ఉండేవి. పేద కుటుంబాలు 'గూస్ క్లబ్బు'లలో వారం వారం కొద్ది మొత్తం చెల్లించి, పండుగ నాటికి ఒక పెద్దబాతును పొందేవి. ఇంట ఓవెన్ లేనివారు దానిని రొట్టెలు కాల్చే దుకాణానికి పంపి వండించుకునేవారు. చార్లెస్ డికెన్స్ 1843లో ప్రచురించిన 'ఎ క్రిస్మస్ కరోల్'లో పేద గుమాస్తా కుటుంబం తినేది పెద్దబాతునే. మనసు మారిన యజమాని ఆ ఇంటికి పంపే కానుక మాత్రం ఒక పెద్ద టర్కీ కోడి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 జనవరిలో, బ్రిటన్‌లో ఆహార రేషనింగ్ మొదలై 1954 జూలై వరకు కొనసాగింది. మాంసం, వెన్న, చక్కెర పరిమితంగా లభించిన ఆ రోజులలో బంగాళాదుంపలు, పప్పులతో 'మాక్ గూస్' అనే ఉత్తుత్తి పెద్దబాతును వండుకునేవారు. రేషనింగ్ ముగిసిన తరువాత కోళ్ళ పెంపకం విస్తరించి, గడ్డకట్టించిన మాంసం అందుబాటులోకి రావడంతో టర్కీ కోడి సామాన్యుల పండుగ వంటకంగా స్థిరపడింది.

ఆహారం మిగలడానికి కారణాలు

మొదటి కారణం పక్షి పరిమాణం. నలుగురున్న ఇంట్లో కూడా ఐదు కిలోల టర్కీని వండితే సగానికి పైగా మిగులుతుంది. రెండవ కారణం దుకాణాల మూసివేత. 2004 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవరాదు. అందువలన ఏదైనా తక్కువపడుతుందేమో అనే శంకతో ముందుగానే ఎక్కువ సరుకు కొంటారు. మూడవది మర్యాద. అతిథి వచ్చిన నాడు పాత్ర అడుగు కనబడడం లోటుగా భావించడం అన్ని దేశాలలోనూ ఉన్నదే.

క్రిస్మస్ మరునాడైన డిసెంబరు 26ను 'బాక్సింగ్ డే' అంటారు. ఇంగ్లండులో 1871 నాటి చట్టం ఈ రోజును సెలవుదినాలలో చేర్చింది. సేవకులకు, వర్తకుల పనివారికి కానుకల పెట్టెలు ఇచ్చే ఆచారం వలన ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఆ రోజు కొత్తగా వండకుండా, ముందురోజు మిగిలిన వాటితో భోజనం చేయడం పరిపాటి.

మిగులు వంటకాలు

చల్లని మాంసం: టర్కీ ముక్కలను వేడిచేయకుండా పచ్చళ్ళు, బంగాళాదుంపలతో తింటారు. స్టఫింగ్, క్రాన్‌బెర్రీ సాస్‌తో కలిపి శాండ్‌విచ్‌లు కూడా చేస్తారు.

బబుల్ అండ్ స్క్వీక్: మిగిలిన బంగాళాదుంపలు, స్ప్రౌట్స్, క్యాబేజీలను మెదిపి పెనం మీద ఎర్రగా వేయిస్తారు. వేగేటప్పుడు వచ్చే బుడబుడ, కిచకిచ శబ్దాలను ఈ పేరు సూచిస్తుంది.

సూపు: మాంసం ఒలిచిన తరువాత మిగిలిన ఎముకల గూడును ఉల్లిపాయలు, క్యారెట్లతో మరిగించి సూపు కాస్తారు.

టర్కీ కూర: బాక్సింగ్ డే వంటకాలలో ప్రసిద్ధమైన దీనికి భారతదేశంతో సంబంధం ఉంది. హన్నా గ్లాస్ 1747లో ప్రచురించిన వంటల పుస్తకంలోనే భారతీయ పద్ధతిలో కూర వండే విధానం కనిపిస్తుంది. 1861లో వెలువడిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో, చల్లారిన మాంసాన్ని తిరిగి వండుకునే పద్ధతుల క్రింద కూరలను చేర్చారు. ఈ విధంగా కూరపొడి ఆంగ్లేయుల ఇళ్ళలో నిన్నటి మాంసానికి కొత్త రుచినిచ్చే సాధనమైంది.

భద్రపరచడం

విందు వలన కలిగే అనారోగ్యాలకు కారణం తరచుగా మాంసం పాడవడం కాదు, అది నెమ్మదిగా చల్లారడం. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు వంట వేడిని తట్టుకొని బ్రతుకుతాయి. పెద్ద మాంసపు ముద్ద గోరువెచ్చగా ఉన్నంతసేపు అవి వేగంగా వృద్ధి చెందుతాయి. అటువంటి ఆహారానికి రంగులో, వాసనలో తేడా లేకపోవచ్చు. తిన్న 6 నుండి 24 గంటలలో కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఆరోగ్యవంతులు సాధారణంగా ఒక రోజులో కోలుకున్నా, వృద్ధులకు, పసిపిల్లలకు ఇది ప్రమాదకరం కావచ్చు.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ చేసే సూచనలలో ముఖ్యమైనవి:

గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లో ఉంచి కరిగించాలి. కిలోకు 10 నుండి 12 గంటలు పడుతుంది. అనగా ఐదు కిలోల పక్షికి రెండు రోజులకు పైగా కావాలి.

పచ్చి మాంసాన్ని కడగరాదు. చిందిన నీటితో బాక్టీరియా వంటగది అంతటా వ్యాపిస్తుంది.

వండిన ఆహారాన్ని ఒకటి రెండు గంటలలోగా చల్లార్చి, 5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రత గల ఫ్రిజ్‌లో పెట్టాలి. పక్షిని అలాగే పెట్టక, మాంసాన్ని ఎముకల నుండి ఒలిచి, లోతు తక్కువ గల పాత్రలలో సర్దితే త్వరగా చల్లారుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన దానిని రెండు రోజులలోగా తినాలి. అంతకు మించి ఉంచదలిస్తే గడ్డకట్టించాలి.

ఒక్కసారి మాత్రమే, ఆవిరి వచ్చేవరకు, లోపలి భాగం కూడా కాగేలా వేడిచేయాలి. కావలసినంత భాగాన్నే తీసి వేడిచేయడం మంచిది.

క్రిస్మస్ పుడ్డింగ్ విషయం వేరు. చక్కెర, ఎండుపళ్ళు అధికంగా ఉండి తడి తక్కువ కావడంతో అది నెలల తరబడి నిలువ ఉంటుంది. అయితే ఎండుద్రాక్ష కుక్కలకు విషతుల్యం కనుక దానిని వాటికి పెట్టరాదు. ఉల్లిపాయ కలిసిన స్టఫింగ్, వండిన ఎముకలు కూడా వాటికి హానికరం.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని క్రైస్తవుల ఇళ్ళలో టర్కీ కోడి ఆచారం లేదు. ఆరాధన ముగిసిన తరువాత బిర్యానీ లేదా బగారా అన్నం, వేటమాంసం కూర, కోడికూర, గారెలు మొదలైనవి వడ్డిస్తారు. అరిసెలు, జంతికలు, గవ్వలు, కేకు ముందే చేసిపెట్టుకొని, పండుగ నాడు ఇరుగుపొరుగు వారికి పంచుతారు. బెల్లపు పాకంతో చేసి నేతిలోనో నూనెలోనో వేయించిన అరిసెలు, తడిలేని జంతికలు పుడ్డింగ్ వలెనే చాలా రోజులు చెడవు.

మిగిలిన అన్నం, మాంసం విషయంలో మాత్రం పైన చెప్పిన జాగ్రత్తలే వర్తిస్తాయి. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా తయారుచేసే విషం తిరిగి వేడిచేసినా పోదు. అందుచేత మిగిలిన అన్నాన్ని వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, 24 గంటలలోగా తినాలని పై సంస్థ సూచిస్తుంది. మధ్యాహ్నం వండిన బిర్యానీని డేగిసాలోనే మూతపెట్టి రాత్రి వరకు ఉంచితే, అడుగున ఉన్న మాంసం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. చద్దన్నం చేసే పద్ధతి మాంసం కలిసిన అన్నానికి పనికిరాదు. విద్యుత్తు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది.

భోజనాలు ముగిసిన వెంటనే, వేడి తగ్గకముందే, మిగిలిన కూరను ఇరుగుపొరుగు వారికి, పనివారికి పంచిపెట్టే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. ఫ్రిజ్ లేని ఇళ్ళకు ఇది అన్నిటికంటే సురక్షితమైన మార్గం.

ఇవి కూడా చూడండి

క్రిస్మస్
టర్కీ కోడి
బిర్యానీ
అరిసెలు
చద్దన్నం