ఔట్‌బోర్డు మోటారు: ఇంధన తైలముల చరిత్ర

యానాములో గౌతమీతీరమున నున్నను, పూరీ, గోపాలపురము కడలియొడ్డున నున్నను, తెలుగువారికి పడవతోడి చుట్టరికము మిక్కిలి పాతది. తెడ్డు, గడ, తెరచాప మన పూర్వు లెఱిగినవి. పడవ వెనుక చెక్కకు తగిలించెడి ఔట్‌బోర్డు మోటారు ఇరువదవ శతాబ్దమున వాని సరసన చేరినది. పాత మోటారును నేటికిని నడుపదలచువారు ముందుగా దాని ఇంధన తైలముల చరిత్ర నెఱుగవలెను. తగని నూనె పోసినచో ఎంత మంచి యంత్రమైనను చెడును.

నార్వేలో 1877లో జన్మించి, బాల్యముననే కుటుంబముతో అమెరికాకు వలసపోయిన ఓలే ఎవిన్‌రూడ్, మిల్వాకీ నగరమున 1909లో ఇట్టి మోటార్లను అమ్మకమునకు పెట్టెను. కామెరాన్ వాటర్‌మన్ అంతకుముందే ఈ పనికి పూనుకొనియుండెను. అయినను దానికి లోకవ్యాప్తి కల్పించినవాడు ఎవిన్‌రూడే.

ఈ మోటార్లు టూ స్ట్రోకు యంత్రములు. కారునందువలె వీనిలో నూనెకు వేరు తొట్టి లేదు. గాలితో కలిసిన పెట్రోలు క్రాంకు గదిగుండా పోవును గనుక, అందు కలిపిన నూనెయే బేరింగులకును పిస్టనుకును రక్షణ. కంచుబుషులు గల పాత మోటార్లు పెక్కింటికి పెట్రోలు 16 పాళ్ళయిన నూనె 1 పాలు. అనగా 8 లీటర్లకు అర లీటరు. తరువాతివాటికి 24కు 1 చాలెను. రోలరు బేరింగులు వచ్చినపిదప, 1964 నుండి జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో 50కి 1 వాడుకలోనికి వచ్చెను.

ఎవిన్‌రూడ్ మోటారు వెలువడిన 1909లోనే, ఇంగ్లండున వేక్‌ఫీల్డు కంపెనీ ఆముదము చేర్చిన నూనెకు కాస్ట్రోల్ అని పేరిడెను. ఆముదము మన తెలంగాణపు మెట్టచేల పంట. మొదటి ప్రపంచయుద్ధమున విమానముల రోటరీ ఇంజనులకు అదియే నూనె. పెట్రోలులో సులభముగా కరగకుండుటయే అచట దాని గుణము. పడవ మోటారుకు ఆ గుణమే దోషము. అంతియేగాక, కాలిన ఆముదము జిగురు మిగుల్చును.

కారు ఇంజను నూనెయు నేడు తగదు. దానిలోని లోహలవణములు కాలి బూడిదయై, స్పార్కుప్లగ్గును చెఱచును. టీసీ-డబ్ల్యూ3 గుర్తుగల బూడిదలేని పడవ నూనెయే మేలు. అయితే మేము ముఖ్యముగా చెప్పునదేమన, క్రొత్త నూనె మేలైనదని పాత యంత్రమునకు 50కి 1 పోయరాదు. పాలు నిర్ణయించునది నూనె గాదు, లోపలి బుషు.

ఇక పెట్రోలు. పాత మోటార్లలో ఒత్తిడి తక్కువ. అధిక ఆక్టేను పెట్రోలు అనవసరము. మన దేశమున 2000లో సీసపు పెట్రోలు నిలిచిపోయినను వీనికి నష్టము లేదు. సీసముచే రక్షణ పొందెడి ఎగ్జాస్టు వాల్వులు వీనిలో లేనేలేవు. భయపడవలసినది ఇథనాలునకు. అది నీటిని పీల్చును. నీరు హెచ్చినపుడు పెట్రోలు నుండి విడివడి అడుగునకు దిగును. పాత కార్బురేటరులోని బెండు తేలికకు పూసిన లక్కను కరగించును. సారాయములో లక్క కరగుట మన వడ్రంగులందరు ఎఱిగినదే. ఇథనాలు లేని పెట్రోలు దొరకనిచో, పని ముగిసినవెంటనే ట్యాంకును, కార్బురేటరును ఖాళీచేయుట ఉత్తమము.

కేరళ, కన్యాకుమారి తీరముల జాలరులు కిరసనాయిలుతో నడచు మోటార్లను వాడిరి. అట్టివానిని పెట్రోలుతో ప్రారంభించి, వేడెక్కినపిదప కిరసనాయిలునకు మార్చవలెను. ఆపుటకు ముందు మరల పెట్రోలునకు మార్చవలెను. లేనిచో మరునాడు యంత్రము కదలదు. అందుకై నిర్మింపబడని మోటారులో కిరసనాయిలు పోయుట దానిని చంపుటయే.

ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయినది. ఇక ఆ యంత్రముల ఆయువు వానిని కాపాడుకొను కుటుంబముల చేతిలో నున్నది. తండ్రి యెఱిగిన పాలు కుమారుడు మఱచిన నాడే మోటారు మూలబడును. కావున ఆ పాలును మోటారు మూతలోపల వ్రాసి అంటింపుడు. ఊరుమారి బ్రదికిన మనకు ఈ నీతి క్రొత్తది కాదు: నూనె ఎచటిదైనను కావచ్చును, కొలత మాత్రము ఇంటిదే కావలెను.