రేడియేటర్ నీళ్లు

ఎండాకాలంలో ఆసిఫాబాదు నుంచి రాజురా మీదుగా చంద్రపూర్‌కు అంబాసిడర్ కారులో వచ్చినవారికి డిక్కీలోని నీళ్ల డబ్బా గుర్తుండే ఉంటుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి రాగానే డ్రైవరు బండిని చెట్టు నీడకు చేర్చేవాడు. చల్లారాక రేడియేటర్ మూత తీసి, దొరికిన నీళ్లు పోసేవాడు. పాత నీళ్లు మార్చాలంటే అడుగునున్న కుళాయి విప్పి మోరీలోకి వదిలేవాడు. అందులో తప్పేముంది? అవి తుప్పు రంగు పట్టిన ఉత్త నీళ్లు.

ఈ అలవాటు మోటారుకారుతోపాటే పుట్టింది. 1886 నాటి కార్ల్ బెంజ్ కారులో నీళ్లు మరిగి ఆవిరైపోయేవి. 1888లో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్తూ దారి పొడుగునా నీళ్లు పోసుకుంటూనే వెళ్లారు. 1900లో విల్‌హెల్మ్ మేబాహ్ 8,070 సన్నని గొట్టాలతో తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారుచేశాక కొద్దిపాటి నీళ్లతోనే పెద్ద ఇంజను చల్లబడసాగింది.

చలి దేశాల్లో బాధ వేరు. రాత్రిపూట నీళ్లు గడ్డకట్టి ఇంజను దిమ్మ పగిలేది. అందుకు విరుగుడు ఇథిలీన్ గ్లైకాల్. ఫ్రెంచి శాస్త్రవేత్త వుర్ట్జ్ 1856లో తయారుచేసిన ఈ ద్రవం 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరుతో కార్ల కోసం అమ్మకానికి వచ్చింది. చంద్రపూర్‌లో గడ్డకట్టే చలి ఎక్కడిది అంటారేమో! మే నెలలో 47 డిగ్రీలు చూసే ఊరు మనది. గ్లైకాల్ కలిపిన నీళ్లు తొందరగా మరగవు కూడా. అందులోని మందులు తుప్పును ఆపుతాయి. అవి కొన్నేళ్లకు అరిగిపోతాయి కనుకనే పాత కూలెంట్ తీసేయాలి.

అయితే మనం తీసేది ఇప్పుడు నీళ్లు కాదు. నేనూ ఒకసారి తెలియక ఇంటి ముందు మోరీలోకే వదిలాను. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్క నాకుతుంది, దూడ తాగుతుంది, పిల్లవాడు వేలు ముంచి నోట్లో పెట్టుకుంటాడు. కడుపులోకి పోతే మొదట మత్తెక్కినట్లు ఉంటుంది. తర్వాత అది ఒంట్లో ఆక్జాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను పాడుచేస్తుంది, ప్రాణమే పోవచ్చు. తాగారని అనుమానం వస్తే, మనిషి బాగానే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పైగా వీధి మోరీ ఎక్కడికి పోతుంది? చైత్రంలో మనవాళ్లు యాత్రకు వచ్చే మహాకాళి గుడి పక్కన పారేది ఝర్‌పట్ నది.

ఇంట్లో ఈ పని చేసేవారు ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగండి. వేడి రేడియేటర్‌లో ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీశారా, ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చల్లారాక మూత తీసి, కింద వెడల్పాటి తొట్టి పెట్టి కుళాయి విప్పండి. కుళాయి లేని బండికి కింది గొట్టం ఊడదీయాలి. ఒకసారి శుభ్రమైన నీళ్లు పోసి, ఇంజను కాసేపు నడిపి, చల్లార్చి, వాటినీ తొట్టిలోకే తీయండి. బ్యాటరీలో పోసే నీళ్లు దొరికితే కొత్త కూలెంట్‌లో అవే కలపండి. బోరు నీళ్లలోని సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది.

తీసిన ద్రవాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, పైన ‘విషం’ అని తెలుగులోనూ మరాఠీలోనూ రాయండి. శీతల పానీయాల సీసాలో మాత్రం పోయకండి. పాత ద్రవం తీసుకునే గారేజీ ఏదో కనుక్కుని ఇచ్చేదాకా అది పిల్లలకు అందని చోట ఉండాలి. మర్నాడు పొద్దున లోపలి గాలి పోయి కొత్త కూలెంట్ మట్టం కాస్త దిగుతుంది. ఆ తగ్గినంత మళ్లీ పోసి మూత బిగించండి.