తాళం లేని జైలు

సాంగానేర్ అనగానే మనకు గుర్తొచ్చేవి పూల అద్దకం చీరలే కదూ! జైపూర్ పక్కనున్న ఆ ఊళ్ళో చీరలతోపాటు ఓ జైలు కూడా ఉందని, దానికి ఎత్తయిన గోడలే లేవని తెలిసి నేను ఆశ్చర్యపోయాను.

1952లో ఉత్తరప్రదేశ్‌లో చంద్రప్రభ నది మీద ఆనకట్ట పనికి ఖైదీలను కూలి ఇచ్చి పెట్టారు. ఆ ప్రయోగాన్ని ప్రోత్సహించిన సంపూర్ణానంద్ తరవాత రాజస్థాన్ గవర్నరయ్యారు. 1963లో సాంగానేర్ జైలు వెలిసింది. దానికి ఆయన పేరే పెట్టారు. మన అనంతపురంలోనూ 1965లో ఖైదీలు సేద్యం చేసే ఆరుబయలు జైలు వచ్చింది.

సాంగానేర్‌కు వచ్చేది, శిక్షలో కొంత భాగం మామూలు జైల్లో గడిపి, నడవడి మంచిదనిపించుకున్నవాళ్ళు. భార్యాబిడ్డలతో కాపురం ఉండొచ్చు. పొద్దున్న ఊళ్ళోకి పనికెళ్ళి, సాయంత్రం హాజరు వేళకి తిరిగి రావాలి. సర్కారు తిండి పెట్టదు, సంపాదించుకునే వండుకోవాలి.

కిటుకంతా అక్కడే ఉంది. విడుదలైననాడు ఆ మనిషికి చేతిలో పనీ ఉంటుంది, వెళ్ళడానికి ఇల్లూ ఉంటుంది.

అయితే, పని ఇచ్చేవాళ్ళుండాలిగా? ‘ఖైదీ’ అన్న మాట వినగానే గడియ వేసే చేతుల్లో నాదీ ఒకటి. అక్కడ తాళం తీసి అరవై ఏళ్ళు దాటింది. మరి మన గడియ తీసేదెప్పుడంటారు?