పెట్రోలు ఒంటికి డీజిల్ గుండె



తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి మీదుగా నగరి, పుత్తూరు, రేణిగుంట దాకా పోయే రోడ్డు మన సరిహద్దు తెలుగువారికి ఇంటి గడప లాంటిది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. 1997లో తిరువళ్ళూరు కొత్త జిల్లా అయింది. గీతలు మారినా బాడుగ కార్లు ఆగలేదు. తిరుమలకు మొక్కుబడులు, తిరుత్తణి కొండకు కావళ్ళు, పుత్తూరుకు ఎముకల కట్టు కోసం వెళ్ళేవాళ్ళు, పెళ్ళిళ్ళు, అన్నిటికీ ఆ కార్లే. ఆ కార్లలో చాలాకాలం ఒక వింత కనిపించేది. ఒళ్ళు పెట్రోలు అంబాసిడర్‌ది, లోపల కొట్టుకునే గుండె డీజిల్‌ది. ఎర్ర దీపం దగ్గర కారు ఆగితే తలుపుల అద్దాలు గలగలమనేవి, డ్రైవరు చేతిలోని స్టీరింగు వణికేది. ఆ అదురు ఎక్కడ పుట్టింది, దాన్ని అణచడానికి లోకం ఏం చేసింది, మన షెడ్లలో ఏం చేశారు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

డీజిల్ ఇంజను మార్పిడికి కారణం చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ప్రభుత్వం ధర నిర్ణయించిన రోజుల్లో డీజిల్ పెట్రోలు కంటే బాగా చౌక. 1973 చమురు సంక్షోభం తరువాత ఆ తేడా బాడుగ కారు యజమాని ఇంటి బియ్యం లెక్కలోకి వచ్చింది. పైగా డీజిల్ ఇంజను అదే దూరానికి తక్కువ నూనె తాగుతుంది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు తొలగేదాకా ఈ ఆకర్షణ నిలిచింది.

అయితే పాత కారులో డీజిల్ ఇంజను పెట్టడం మనవాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కొలంబస్ ఊళ్ళో క్లెసీ కమిన్స్ అనే ఇంజను తయారీదారు 1929 చివర, కంపెనీ మునిగిపోయే స్థితిలో, పాత ప్యాకార్డ్ లిమజీన్‌లో తన పడవ ఇంజనును బిగించాడు. 1930 జనవరిలో దాన్ని న్యూయార్కు మోటారు ప్రదర్శన దాకా నడిపించుకుపోయాడు. సుమారు 1300 కిలోమీటర్ల దూరానికి నూనె ఖర్చు డాలరున్నర లోపే. పత్రికలన్నీ ఖర్చు గురించే రాశాయి. అదురు మాట ఎవరికి పట్టింది? ప్యాకార్డ్ పెద్ద ఇనుప చాసీ ఉన్న బరువైన కారు కాబట్టి తట్టుకుంది.

అందరి చాసీలూ అలా తట్టుకోలేదు. జర్మనీలో మెర్సిడెస్ బెంజ్ వారు 1933లో 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్‌ను కారు చాసీలో పెట్టి చూశారు. ఆ అదురుకు చాసీ నిలవలేదు. దాన్ని పక్కన పెట్టి నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను తయారుచేసుకొని, 1936లో బెర్లిన్ ప్రదర్శనలో 260 డి అనే కారు చూపించారు. ఇంతటి కంపెనీయే వెనక్కి తగ్గిన చోట రోడ్డు పక్క షెడ్డు ముందుకు దూకిందంటే, మెచ్చుకోవాలో భయపడాలో తెలియదు.

ఇంతకూ అదురు ఎందుకు? ఆనాటి పెట్రోలు ఇంజను గాలిని, పెట్రోలును కలిపి ఏడెనిమిది వంతులకు నొక్కేది. పాత అంబాసిడర్ డీజిల్ వంటి ఇంజను గాలిని ఇరవై వంతులకు పైగా నొక్కి, ఆ వేడికే నూనెను మండిస్తుంది. కాబట్టి ఒక్కొక్క దెబ్బా సమ్మెట దెబ్బే. పిస్టను క్రాంకును ఒక వైపు తిప్పితే, ఇంజను ఒళ్ళు ఎదురు వైపు తిరగజూస్తుంది. గడ్డపారతో బండను తోస్తే మన కాళ్ళు వెనక్కి జారినట్టే అది. నాలుగు సిలిండర్ల ఇంజను రెండు చుట్లు తిరిగే లోపల నాలుగు దెబ్బలు కొడుతుంది. నిమిషానికి 700 చుట్ల నిదానం మీద తిరిగేటప్పుడు నిమిషానికి 1400 దెబ్బలు, అంటే సెకనుకు ఇరవై మూడు. కారు నిలిచి ఉన్నప్పుడే అదురు ఎక్కువగా తెలియడానికి కారణం ఇదే.

దీనికి మంచి మందు కనిపెట్టింది అమెరికాలోని ప్లిమత్ కార్ల కంపెనీ. 1931లో వారు ఇంజనును చాసీకి గట్టిగా బిగించడం మానేశారు. ముందు ఎత్తున ఒకచోట, వెనుక గేరుపెట్టె కింద ఒకచోట రబ్బరు దిండ్లు పెట్టి, ఆ రెంటినీ కలిపే గీత ఇంజను బరువు మధ్యగా పోయేట్టు చూశారు. ఇంజను తన ఇష్టం వచ్చినట్టు ఊయల ఊగుతుంది, కారు మాత్రం ఊగదు. మరుసటి ఏడు ఫ్రాన్సులో సిట్రోయెన్ వారు ఆ హక్కు కొనుక్కొని, తమ కార్ల ముందు నీటి మీద తేలే హంస బొమ్మ పెట్టుకున్నారు. వణికే ఇంజనుకు హంస గుర్తు! మన కవులకు తట్టని ఉపమానం ఇది.

ఇప్పుడు మన కారు దగ్గరికి వద్దాం. అంబాసిడర్‌కు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూలం. దానికి ప్యాకార్డ్‌కు ఉన్నట్టు విడి చాసీ లేదు. రేకుల ఒళ్ళే చాసీ. ఇంజను అదిరితే అదురు నేరుగా కూర్చున్నవాడి వెన్నుకు చేరుతుంది. 1980 ప్రాంతంలో హిందుస్తాన్ మోటార్స్ వారే 1489 సి.సి. డీజిల్ ఇంజనుతో అంబాసిడర్ తెచ్చారు. సుమారు 37 గుర్రాల శక్తి. పెట్రోలు ఇంజనూ, ఇదీ ఒకే బి.ఎం.సి. కుటుంబం కావడంతో, పాత పెట్రోలు కారులోకి దీన్ని మార్చడం షెడ్డువారికి సులువైంది. ఇంజను కూర్చుంది. అదురును ఎలా కూర్చోబెట్టాలన్నదే మిగిలింది.

ఇక్కడ షెడ్లలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. ఇంజను బాగా ఊగుతోందని పాత రబ్బరు తీసేసి, లారీ టైరు ముక్క కోసి గట్టి మౌంటు వేస్తారు. టైరు ముక్కలో నూలు పొరలు ఉంటాయి, అది దాదాపు చెక్క. ఊయలను ఎప్పుడు తోస్తే ఎక్కువ ఊగుతుందో పిల్లలకు తెలుసు, దాని ఊపు తాళానికి మన తోపు కలిసినప్పుడు. రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకూ తనదైన ఊపు తాళం ఉంది. దెబ్బల వేగం ఆ తాళానికి ఒకటిన్నర రెట్లు దాటితేనే రబ్బరు అదురును మింగుతుంది. రబ్బరు గట్టిపడితే ఆ తాళం వేగం పెరిగి, సెకనుకు ఇరవై మూడు దెబ్బలకు దగ్గరవుతుంది. అప్పుడు ఇంజను ఊగడం తగ్గినట్టు కంటికి కనిపిస్తుంది, ఒళ్ళు మాత్రం మరింత అదురుతుంది. అలాగని మరీ మెత్తని రబ్బరు వేస్తే బరువైన డీజిల్ కిందికి కుంగి, ఫ్యాను వెళ్ళి రేడియేటరును తగులుతుంది. బరువును మోసేంత గట్టిగా, పక్కకు ఊగనిచ్చేంత మెత్తగా ఉండే మౌంటు కావాలి. ఊపు మరీ హద్దు మీరకుండా ఇంజను తలకు రబ్బరు బుష్‌లున్న చిన్న కడ్డీ ఒకటి కట్టాలి. నూనె కారి సహజ రబ్బరు ఉబ్బిపోతుంది కాబట్టి ఆ కారడం ముందే ఆపాలి.

మౌంటును తిట్టే ముందు ఇంజనును చూడాలి. నాలుగు సిలిండర్లలో ఒకదానికి నూనె తక్కువ అందితే ఏ రబ్బరూ కాపాడదు. పాత మేస్త్రీలు ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టు కొంచెం సడలించి చూసేవారు. ఏది సడలించినా ఇంజను చప్పుడు మారాలి. ఏది సడలించినప్పుడు తేడా రాలేదో, జబ్బు అక్కడ. ఆ నూనె ధార చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడితో వస్తుంది, చేయి దగ్గర పెట్టరాదు. నిలిచి ఉన్నప్పుడు కాక, వేగంలో మాత్రమే అదిరితే చూడవలసింది ప్రొపెల్లర్ షాఫ్టు. కొత్త ఇంజను ఎత్తు మారితే గేరుపెట్టె వాలు మారుతుంది, అప్పుడు రెండు కీళ్ళ కోణాలు సమానంగా ఉండవు.

ఇంజను ఆపేటప్పుడు వచ్చే పెద్ద కుదుపు వేరు. డీజిల్‌కు నిప్పురవ్వ లేదు, నూనె ఆపితేనే ఆగుతుంది. చుట్లు తగ్గుతూ వచ్చే దారిలో దెబ్బల వేగం ఆ ఊపు తాళం గుండా దిగుతుంది. ఒక్కసారి కారంతా దులపరించుకుంటుంది. మంచి మౌంటు ఉన్నా దాన్ని పూర్తిగా తప్పించలేం.

అదురును ఊరికే వదిలేస్తే ఏమవుతుందో బాడుగ యజమానులకు తెలుసు. రేడియేటరు టంకం అతుకులు విడుతాయి, సైలెన్సరు పైపు తెగుతుంది, మౌంటు బ్రాకెట్టు దగ్గర రేకు పగులుతుంది. చివరికి చౌక నూనె మీద మిగిలిన డబ్బు వెల్డింగు షెడ్డుకు పోతుంది. రోజంతా ఆ సీటులో కూర్చునే డ్రైవరు నడుం సంగతి ఎవరూ లెక్క వేయలేదు. కాగితాల సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని 52వ సెక్షను ప్రకారం, ఇంజను వంటి మార్పు చేస్తే రవాణా శాఖ వారి అనుమతితో రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించాలి. పుస్తకంలో పెట్రోలు, బండిలో డీజిల్ ఉంటే సరిహద్దు చెక్‌పోస్టులో జవాబు చెప్పలేరు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి అంతకంటే చెప్పలేరు.

తిరువళ్ళూరు పేరు ఈ కథలో మరోసారి వస్తుంది. హిందుస్తాన్ మోటార్స్ వారికి అక్కడ భూమి తవ్వే యంత్రాల కర్మాగారం ఉండేది. అక్కడే 1998 నుంచి జపాను మిత్సుబిషి సహకారంతో లాన్సర్ కార్లు తయారయ్యాయి, డీజిల్ రకంతో సహా. ఇంజనులోనే ఎదురు తిరిగే రెండు బరువు షాఫ్టులు పెట్టి నాలుగు సిలిండర్ల అదురును కొంత చంపే పద్ధతిని ఆ మిత్సుబిషి వారు 1975లోనే తమ కార్లలో తెచ్చారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. మిగిలిన బళ్ళకు మౌంటు రబ్బరు కావలసినవారు ఇప్పటికీ పాత స్పేర్ల అంగళ్ళలో వెతుక్కుంటున్నారు.