తవుడు, పీచు, పెద్దప్రేవు: ఒక ఊహ నడిచిన దారి

వచ్చిన రోగమునకు చికిత్స చేయుట వైద్యుని పని. రాకుండ కాచుకొనుట గృహస్థుని పని. కాని ఏ ఆహారము ఏ రోగమును దూరముగా ఉంచునో తేల్చుట సులభము కాదు. పెద్దప్రేవునకు వచ్చు క్యాన్సరును గూర్చి అర్ధశతాబ్దికి పైగా సాగిన విచారణ ఇందుకు మంచి నిదర్శనము. ఆ కథను మనము ఒకమారు పరిశీలింతము.

ఐర్లండు దేశీయులైన డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యులు 1946లో ఉగాండాకు వెళ్ళినారు. బాల్యముననే ఒక కన్ను పోగొట్టుకొన్న ఈయన, రెండు కన్నులున్నవారు గమనింపని సంగతులను గమనించినారు. అచ్చటి పిల్లల దవడలకు వచ్చు ఒక విధమైన కంతిని 1958లో వర్ణించి ప్రసిద్ధులైనారు. ఆ వ్యాధి ఎచ్చటెచ్చట కలదో తెలిసికొనుటకై 1961లో ఇద్దరు మిత్రులతో మోటారుబండిలో ఆఫ్రికాలో సుమారు 10,000 మైళ్ళు తిరిగినారు. రోగము ఎచ్చట ఉన్నదని మాత్రమే కాక, ఎచ్చట లేదని కూడ అడుగవలెనని ఆ ప్రయాణము ఆయనకు నేర్పినది.

1960వ దశకము చివరి భాగమున లండనులో బర్కిట్‌కు క్లీవ్ అను నౌకాదళ వైద్యులు పరిచయమైనారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఒక యుద్ధనౌకపై నావికుల మలబద్ధమును పోగొట్టుటకు తవుడు బస్తాలు తెప్పించిన ఘనులు వీరు. పొట్టు తీసిన తెల్లని పిండి, శుద్ధి చేసిన చక్కెర పెక్కు రోగములకు మూలమని వీరి వాదము. ఆ మాట వినగానే బర్కిట్‌కు ఉగాండా జ్ఞాపకము వచ్చినది. అరటికాయ, చిలగడదుంప, చిక్కుడుగింజలు, జొన్నలు తిను అచ్చటి పల్లెవాసులలో పెద్దప్రేవు క్యాన్సరు అరుదు. ఇంగ్లండులో అది సర్వసాధారణము. ఈ భేదమునకు ఆహారములోని పీచు కారణము కావచ్చునని 1971లో ఆయన ప్రకటించినారు.

మరుసటి యేట వాకర్, పెయింటర్ అనువారితో కలిసి ఆయన మరొక పరిశీలన వెలువరించినారు. తిన్న ఆహారము శరీరమును దాటిపోవుటకు ఉగాండా పల్లెవాసులకు సుమారు ఒకటిన్నర దినము పట్టగా, ఆంగ్ల నావికులకు మూడు దినములు దాటినది. మలము ప్రేవులో చిరకాలము నిలిచినచో అందలి హానికర పదార్థములు ప్రేవుగోడను తాకుచుండునని వారి తర్కము.

ఊహ అందమైనదే; కాని అందము ఋజువు కాదు. ఆ పల్లెవాసులు మాంసము తక్కువ తినువారు, శరీరశ్రమ ఎక్కువ చేయువారు. ఇన్ని భేదములలో పీచునకే గొప్పతనము కట్టబెట్టుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా అమెరికాలో ఒక పరీక్ష జరిగినది. ప్రేవులోని బుడిపెలు తీయించుకొన్నవారికి కొవ్వు తగ్గించి, పీచు, పండ్లు, కూరలు పెంచి నాలుగేండ్లు పెట్టినారు. బుడిపెలు తిరిగి వచ్చుటలో భేదము కనబడలేదని 2000లో తేలినది. బర్కిట్ 1993లోనే కీర్తిశేషులైనందున ఈ ఎదురుదెబ్బను చూడలేదు.

అయితే విచారణ అంతటితో ముగియలేదు. ఐరోపాలోని 10 దేశములకు చెందిన 5 లక్షల పైచిలుకు జనులను పరిశీలించిన పండితులు, పీచు మిక్కిలిగా తినువారిలో ఈ వ్యాధి సుమారు నాలుగవ వంతు తక్కువగా ఉన్నదని 2003లో ప్రకటించినారు. 2015లో వెలువడిన పరిశోధన మరింత చిత్రమైనది. ఆఫ్రికా సంతతికి చెందిన 20 మంది అమెరికనులకును, 20 మంది దక్షిణాఫ్రికా పల్లెవాసులకును రెండు వారములు ఆహారము తారుమారు చేసినారు. పీచు తిన్న అమెరికనుల ప్రేవులలో సూక్ష్మజీవులు బ్యూటిరేట్ అను మేలైన పదార్థమును అధికముగా తయారుచేసినవి. వాపు లక్షణములు తగ్గినవి. పల్లెవాసులలో దీనికి విరుద్ధముగా జరిగినది. అదే యేడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగము, ఉప్పుబెట్టి, పొగబెట్టి నిలువచేసిన మాంసము ఈ క్యాన్సరుకు హేతువని నిర్ణయించినది.

దీనివలన మనము గ్రహింపవలసినది ఏమి? తవుడు చెంచాడు మ్రింగినంత మాత్రమున రక్షణ దొరకదు. ముడిధాన్యము, పప్పులు, ఆకుకూరలు, పండ్లు, మితమైన మాంసము, శరీరశ్రమ, మద్యధూమపానముల విసర్జన: ఇవన్నియు కలిసిన జీవనసరళియే కొంత రక్షణ. అదియు పూర్ణ రక్షణ కాదు. మలమున రక్తము కనబడినను, విరేచన క్రమము చిరకాలము మారినను వైద్యుని చూడవలసినదే. పథ్యము పరీక్షకు బదులు కానేరదు.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. కూనూరులో మెకారిసన్ నెలకొల్పిన పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే. ఇక మన ఇండ్ల సంగతి చూడుడు. దంపుడు బియ్యమును మర బియ్యము వెళ్ళగొట్టినది; రాగిసంకటి పేదల తిండి అనిపించుకొన్నది; తవుడు పశువుల పాలైనది. తెల్లదనమును గొప్పతనమని భ్రమసి మనము పారవేసినదానినే, ఉగాండా పల్లెలను చూచి వచ్చిన ఒక వైద్యుడు మరల ఏరి చూపినాడు. దానిని తిరిగి కంచములోనికి తెచ్చుకొనుట మన చేతిలోని పనియే.